రెండు నలభైకి లేచే మిషన్

పోయిన వారం భూతద్దాన్ని మూడో అంతస్తులో, వాళ్ల వదిన గుమ్మం ముందు వదిలేసి వచ్చాం. ఒక చేతిలో స్క్రూడ్రైవర్ల సంచి, ఇంకో చేతిలో ఆరు ఫిర్యాదుల ప్రింటు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళదాం.

భూతద్దం ఆమె అసలు పేరు కాదు. కొంతమంది, ఎవరి ఉద్యోగాలు వాళ్లు చేసుకుంటూనే, మొదటి అక్షరం నుంచి సొంతంగా రాసుకుంటున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. యూనిక్స్ అనే పాత సిస్టమ్ బాటలో నడిచేది. దాన్ని వాళ్లు గువ్వ అంటారు. ఇంకా బీటా దశలోనే ఉంది. అంటే ఓ మూడు వందల మంది ధైర్యం చేసి తమ కంప్యూటర్లలో వేసుకుని, ఎక్కడ చెడితే అక్కడి నుంచి ఉత్తరం రాస్తారు. ఆ ఉత్తరాలు చదివి తప్పెక్కడుందో పట్టుకోవడం ఈమె పని. ఒక్క చుక్క తేడా వచ్చినా కనిపెడుతుందని వాళ్ల అన్నయ్య ఆ పేరు పెట్టాడు. "భూతాల్ని చూపించే అద్దం కూడా నువ్వే" అని ఏడిపించేవాడు.

అన్నయ్య పోయి ఎనిమిది నెలలు. ఒకరోజు పొద్దున పదకొండింటికి బస్సు కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. గువ్వలో అందరూ మెచ్చుకునే భాగం ఆయన పేరు మీదే ఉంది. ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రపుచ్చి, తెరిస్తే ఎక్కడ ఆపామో అక్కడికే లేపే నిద్ర కోడ్.

ఇప్పుడు తప్పు అందులోనే వచ్చింది. ఆరుగురి ల్యాప్‌టాప్‌లు, ఎవరూ ముట్టుకోకుండానే, వాటంతట అవే నిద్ర లేస్తున్నాయి. ఆరూ ఒకే మోడల్. ఒక పశువుల డాక్టరు సంచిలో పెట్టుకున్న మిషన్ దారిలో లేచి, మళ్లీ పడుకోలేక, గాలాడని ఆ సంచిలో కాగి కాగి వంకరపోయింది. సోమవారం కొత్త బీటా బయటికి వెళ్లాలి. గువ్వను మొదలుపెట్టిన మాస్టారు తేల్చి చెప్పేశారు. "ఆదివారం లోపల కారణం దొరక్కపోతే నిద్ర కోడ్ మొత్తం తీసేస్తామమ్మా. మనుషుల ఒడిలో పెట్టుకునే వస్తువు ఇది." తీసేస్తే అన్నయ్య పేరు కూడా పోతుంది. ఆ కోడ్ పుట్టిన ల్యాప్‌టాప్, అదే మోడల్‌ది, వదిన దగ్గర ఉంది. ఎనిమిది నెలలుగా వదిన దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

శనివారం మధ్యాహ్నం తలుపు తీసిన వదిన, మొదట గోడ గడియారం వైపు చూసి, తర్వాత ఆడపడుచు వైపు చూసి, అన్న మాట దగ్గర మనం ఆగాం.

"టైముకే వచ్చావు. ఇంకో అరగంటలో లేస్తారు."

లేస్తుంది అనలేదు. లేస్తారు అంది.

భూతద్దం చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. గది చాలా శుభ్రంగా ఉంది. అన్నయ్య ఉన్నప్పుడు వైర్లు, విప్పిన డబ్బాలు, మరలు పోసిన టీ కప్పులు కాలికి తగిలేవి. ఇప్పుడు నేల తుడిచిన తడి కూడా ఆరిపోయి మెరుస్తోంది. కిటికీ పక్క బల్ల మీద, నాలుగు మడతలు వేసిన తువ్వాలు మీద ల్యాప్‌టాప్. ఛార్జరు పెట్టే ఉంది. దాని ఎదురుగా రెండు కుర్చీలు.

"రెండో కుర్చీ ఎవరికి వదినా?"

"నేనొకదాంట్లో కూర్చుంటా. ఇంకోటి ఆయనది. నువ్వు మంచం మీద కూర్చో."

వదిన ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దున ఆరింటికి వెళ్లి ఒంటిగంటకల్లా వచ్చేస్తుంది. చేతులు ఎంత కడిగినా స్పిరిట్ వాసన పోదు. రోజుకి ఎనభై తొంభై గొట్టాల రక్తం చూసి, ఎవరికి ఏముందో తడబడకుండా రాసే మనిషి. దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషి. అందుకే భూతద్దం భయపడింది. వేరే ఎవరైనా ఆ మాట అంటే సర్దిచెప్పవచ్చు.

"వదినా, నేను వచ్చిన పని నీకు ఫోన్‌లో చెప్పాను కదా..."

"చెప్పావు. ముందు చూడు. చూశాక మాట్లాడు."

టీ పెట్టింది. ఇద్దరూ తాగారు. పై ఇంట్లో ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్న చప్పుడు ఆగి ఆగి వస్తోంది. గడియారం రెండు ముప్పై ఎనిమిది చూపించగానే వదిన లేచి, జుట్టు చేత్తో సర్దుకుని, కుర్చీలో కూర్చుంది. ఆ సర్దుకోవడం చూసి భూతద్దం తల తిప్పేసుకుంది. చూడకూడనిది చూసినట్టనిపించింది.

రెండు నలభై.

మూత సందులోంచి పచ్చ దీపం వెలిగింది. లోపల ఫ్యాన్ ఒకసారి గొంతు సవరించుకున్నట్టు గరగరమని తిరగడం మొదలుపెట్టింది. వదిన మెల్లగా మూత పైకెత్తింది. నల్లటి తెర, దాని మీద తెల్లటి బాణం గుర్తు, అంతే. అన్నయ్య తెర మీద బొమ్మలు పెట్టుకునే మనిషి కాదు. పాస్‌వర్డ్ తాళం పెట్టుకునే మనిషీ కాదు.

"చెల్లి వచ్చింది," అంది వదిన తెరతో. గొంతు మామూలుగానే ఉంది, వంటింట్లోంచి హాల్లోకి చెప్పినట్టు. "చూశారా?"

ఒక క్షణం ఏమీ లేదు. రెండు క్షణాలు. తర్వాత బాణం కదిలింది.

బల్ల మీద ఎవరి చెయ్యీ లేదు. వదిన రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. బాణం కొద్దిగా వణికి, ఆగి, నింపాదిగా కుడివైపుకు జరిగింది.

భూతద్దం పదేళ్లుగా మిషన్లతో బతుకుతున్న మనిషి. ఏ వింత వెనకైనా ఏదో ఒక తప్పు లైను ఉంటుందని నమ్మిన మనిషి. ఆ క్షణంలో ఆమె ఏమనుకుందంటే, నేను జుట్టు కత్తిరించుకున్న సంగతి అన్నయ్యకు తెలీదు కదా, నన్ను గుర్తుపట్టాడా అని.

"కుడికి జరిగితే అవునని," వదిన మెల్లగా చెప్పింది. "నాలుగు నిమిషాలు ఉంటారు. తర్వాత వెళ్లిపోతారు. నువ్వూ అడుగు, ఏమైనా అడగాలంటే."

అడగాలనే ఉంది. నిద్ర కోడ్‌లో ఒక లైను ఉంది. లేపే గడియారం మోగాక దాన్ని చెరిపేసే లైను. దాని ముందు రెండు గీతలు పెట్టి పనిచేయకుండా ఆపేసి ఉంది. పక్కన ఒక్క ముక్క రాసి ఉంది: ప్రస్తుతానికి ఆపాను, తర్వాత చూడాలి. ఆ ముక్క మీద వారం రోజులుగా ఆమె అనుమానం.

"ఆ లైను ఎందుకు ఆపావు అన్నయ్యా?" అంది పైకే. ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలీదు.

బాణం కుడికి జరిగింది.

ఎందుకు అని అడిగితే అవును అన్నాడు.

లోపల ఏదో ఒకటి టక్కున తన చోట్లోకి వచ్చి పడింది. లేచి బల్ల దగ్గరికి వచ్చింది. తెరను వదిలేసి మిషన్‌ను పక్క నుంచి, కళ్లు బల్ల ఎత్తుకు దించి చూసింది. కీబోర్డు కింద, వేళ్లతో రుద్దే చదరపు పలక, టచ్‌ప్యాడ్, ఎడమ మూల పైకి లేచి ఉంది. పైన పడే వెలుగు అక్కడ వంగుతోంది. మూత పూర్తిగా ఎందుకు పడలేదో అప్పుడు అర్థమైంది. మెల్లగా వేలు ఆనించింది. వెచ్చగా, కింద ఏదో నిండుగా ఉన్నట్టు తగిలింది.

"ముట్టుకోకు!" వదిన ఆమె మణికట్టు పట్టుకుంది.

అంతలో ఫ్యాన్ ఆగింది. తెర నల్లబడింది. రెండు నలభై నాలుగు.

"వదినా, ఇలా రా. కిటికీ దగ్గరికి రా."

"ఇక్కడే చెప్పు."

"బ్యాటరీ ఉబ్బింది."

వదిన పైకి లేచిన ఆ మూల వైపు చూసింది.

"ఎనిమిది నెలలుగా ఛార్జరు తీయలేదు కదా. లోపల గ్యాస్ పట్టి బ్యాటరీ దిండులా ఉబ్బింది. ఆ ఉబ్బు పలకను కింద నుంచి తోస్తోంది. మిషన్ లేచి వేడెక్కగానే ఇంకాస్త లేస్తుంది. ఎవరో వేలు పెట్టారనుకుని బాణాన్ని కదిలిస్తుంది. ఎడమ మూల లేచింది కాబట్టి ఎప్పుడూ కుడికే పోతుంది. వదినా, నువ్వు ఏమడిగినా అవుననే వస్తుంది."

"నాకు తెలీదనుకున్నావా?"

భూతద్దం కళ్లెత్తి వదిన వైపు చూసింది.

"బ్యాటరీ సంగతి తెలీదు," అంది వదిన. ఆమె గొంతు పెరగలేదు. దానికే భూతద్దానికి ఇంకా భయం వేసింది. "ఎప్పుడూ అవుననే వస్తుందని మాత్రం రెండో వారంలోనే తెలిసింది. అన్నం తిన్నారా అంటే అవును. కోపంగా ఉన్నారా అంటే అవును. నన్ను మర్చిపోయారా అన్నా అవునే. నేనేం చదువుకోనిదాన్నా? మీ అన్నయ్యకు నా మీద కోపం వస్తే మూడు రోజులు మాట్లాడేవారు కాదు. అన్నిటికీ అవునన్న మనిషి ఎప్పుడయ్యారు?"

"మరి..."

"మరేంటి? రోజూ ఆ టైముకి లేస్తోంది కదా. అది బ్యాటరీ కాదు కదా. రెండు నలభైకి ఎవరో లేవమన్నారు కదా దాన్ని. మా ల్యాబ్‌లో మిషన్లున్నాయి. చెప్పకపోతే ఒక్కటీ కదలదు. ఎవరు చెప్పారు దీనికి?"

ఆ ప్రశ్నకు భూతద్దం దగ్గర సగం జవాబే ఉంది. ఆ సగమే చెప్పింది. ప్రతి కంప్యూటరు లోపలా ఒక చిన్న గడియారం ఉంటుంది. ఫలానా గంటకు లేపమని దానికి చెప్పవచ్చు. ఈ మోడల్‌లో ఉన్న చిక్కేంటంటే దానికి గంటలు, నిమిషాలు తెలుసు కానీ తేదీ తెలీదు. ఒకసారి లేపమని చెప్పి, లేచాక చెరిపేయకపోతే, రోజూ అదే గంటకు లేపుతూనే ఉంటుంది. చెరిపేసే లైనును అన్నయ్య ఆపేశాడు. ఆ ఆరుగురూ ఎప్పుడో ఒకసారి లేపమని పెట్టుకుని ఉంటారు. ఇక్కడా అంతే.

"అంటే ఒక్కసారి చెప్పారు," అంది వదిన. "ఆయనే."

"అవును."

"ఎప్పుడు?"

"అది లోపల చూస్తేనే తెలుస్తుంది. కానీ ముందు బ్యాటరీ తీయాలి. వదినా, ఇది పేలితే నువ్వు ఒక్కదానివే ఉంటావు. ఎదురుగా, ఇంత దగ్గరగా."

వదిన కిటికీలోంచి చూసింది. ఎదురింటి మిద్దె మీద నీళ్ల ట్యాంకు పొంగుతోంది. ఎవరూ మోటారు కట్టెయ్యడం లేదు.

"తీసేస్తే రేపు లేవరా?"

"కరెంటు మీద లేస్తుంది. కానీ బాణం కదలదు."

వదిన ఛార్జరు ప్లగ్గు తనే లాగేసింది. "కానీ. నా ముందే తీయి."

బాల్కనీలో నేల మీద కూర్చుని విప్పారు. ముందుగా మిషన్‌ను లేపి, పద్ధతి ప్రకారం ఆపింది భూతద్దం. పది మరలు. ఒక్కోటి తీసి వరసగా వదిన అరచేతిలో పెట్టింది. అట్ట ఊడి రాగానే ఇద్దరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. నల్లటి బ్యాటరీ, పొట్ట పగిలేంత తిన్న జంతువులా ఉబ్బి ఉంది. దాని మీద అన్నయ్య చేతిరాతతో ఒక తేదీ ఉంది, కొన్న రోజు. సిరా సాగి అంకెలు వెడల్పయ్యాయి. భూతద్దం ఊపిరి బిగబట్టి, లోహం తగలకుండా, వైరు ఊడదీసింది. వదిన పూలకుండీలోంచి మట్టి వంపేసి, కుండీ తెచ్చింది. బ్యాటరీని అందులో పెట్టి, పైన ఆ పొడిమట్టే పోశారు. వదిన చేతులు తడబడలేదు. పోసేశాక మాత్రం ఆ మట్టి మీద అరచెయ్యి ఆనించి కాసేపు తీయలేదు.

"ఆసుపత్రి నుంచి తెచ్చాక నేను ముట్టుకోలేదు ఆయన్ని," అంది. "వాళ్లూ వీళ్లూ పట్టుకెళ్లిపోయారు. నేను చూస్తూ నిలబడ్డాను."

భూతద్దం పక్కన కూర్చుని వదిన భుజానికి తన భుజం ఆనించింది.

బ్యాటరీ లేకుండా, ఒట్టి కరెంటు మీద మిషన్ లేచింది. బాణం తెర మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడింది. వదిన దాన్నే చూస్తూ, ఏమీ అడగలేదు.

మిషన్ చేసిన ప్రతి పనినీ తనలో రాసిపెట్టుకునే లాగ్ ఒకటి ఉంటుంది. భూతద్దం దాన్ని తెరిచి చివరి నుంచి వెనక్కి వెళ్లింది. ఈ రోజు రెండు నలభై: గడియారం లేపింది. వైఫై కార్డు లేవలేదు. పంపలేదు. రేపు మళ్లీ. రెండు నలభై నాలుగు: నిద్ర. నిన్న కూడా అదే. మొన్న కూడా అవే ఐదు ముక్కలు. పైకి జరుపుతూ పోయింది. రెండు వందల నలభై రోజులు, రోజుకు ఐదు లైన్లు.

"పంపలేదు అంటే?" వదిన వేలు తెరకు తగిలింది. "ఏం పంపలేదు?"

బీటాలో ఇంకో చిక్కుంది. ఈ మోడల్ నిద్ర లేచినప్పుడు వైఫై కార్డు దానితో పాటు లేవదు. భూతద్దానికి ఆ సంగతి తెలుసు, జాబితాలో రాసే ఉంది. తెలియనిది ఏంటంటే, రోజూ ఈ మిషన్ ఏదో పంపాలని లేస్తోంది. దారి దొరక్క నాలుగు నిమిషాలు వెతుక్కుని, మళ్లీ పడుకుంటోంది.

లాగ్ మొదటికి వచ్చింది. తేదీ చూసి ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అన్నయ్య పోయిన రోజు. పొద్దున తొమ్మిది పది. మధ్యాహ్నం రెండు నలభైకి లేపి, ఒక ఉత్తరం పంపి, తిరిగి పడుకోమని ఆజ్ఞ. ఆ తర్వాత ఆయన మూత వేశాడు. బస్సు కోసం వెళ్లాడు.

పంపాల్సిన వాటి వరసలో ఒకే ఒక్క ఉత్తరం ఉంది. ఎవరికో ఇద్దరికీ తెలీదు. పేరు లేని చిరునామా, కొన్ని అక్షరాలు, కొన్ని అంకెలు.

"చదువు," అంది వదిన.

భూతద్దం పైకి చదివింది.

"నమస్కారమండీ. నిద్ర కోడ్ నాది కాదు, మీది. నాకు ఒప్పుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది. చూసి తప్పులుంటే చెప్పమని మీరు నాకొక్కడికే పంపారు. చూశాను. అంత శుభ్రంగా రాసిన కోడ్ నేను ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత మీ నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. నెల చూశాను. మీకు ఏమైందో కనుక్కోవాలి కదా, కనుక్కోలేదు. నా పేరు పెట్టి లోపల చేర్చేశాను. అందరూ మెచ్చుకున్నారు. మా చెల్లెలు అందరికంటే ఎక్కువ మెచ్చుకుంది. దాని మొహం చూసి చెప్పలేకపోయాను. అందులో నేను మార్చింది ఒకే ఒక్క లైను. అదీ సరిగ్గా మార్చలేదనుకుంటాను. ఈ ఉత్తరం మధ్యాహ్నం దానంతట అదే వెళ్లేలా పెట్టి బయటికి వెళుతున్నాను. అప్పటికి నా ధైర్యం పోతే ఇంటికి వచ్చి ఆపేస్తాను. ఆపకపోతే మీకు అందుతుంది. నా మొబైల్ ఎత్తకపోతే ఇంటి నంబరుకు చేయండి. నంబరు కింద ఇస్తున్నాను."

పై ఇంటి కుట్టుమిషన్ ఆగింది. గదిలో ఫ్యాన్ రెక్కల చప్పుడు మాత్రమే మిగిలింది.

భూతద్దం కళ్ల ముందు నిద్ర కోడ్ కదిలింది. ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. పని కోసం కొన్నిసార్లు. ఆ గొంతు కోసం ఎన్నోసార్లు. లైన్ల పక్కన రాసి ఉన్న ఆ చిన్న చిన్న మాటలు, "ఇక్కడ తొందరపడొద్దు, మిషన్‌కు ఊపిరి తీసుకోనివ్వండి", "ఇది ఎందుకు పనిచేస్తుందో తెలిసిన రోజు ఇక్కడే రాస్తాను". చదివినప్పుడల్లా అన్నయ్య పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉండేది. బస్సులో చదివేది. ఏడుపొస్తే చదివేది. ఆ మాటలేవీ ఆయనవి కావు. ఆయనది ఒక్క లైను. ప్రస్తుతానికి ఆపాను, తర్వాత చూడాలి. ఆరు మిషన్లను కాల్చుకుతింటున్న లైను.

ఆయన పేరు నిలబెడదామని వచ్చింది. తీరా చూస్తే చెరపాల్సింది ఆయన రాసిన ఆ ఒక్కటే.

"దీన్ని ఇక్కడే చెరిపేద్దాం వదినా." మాట గబగబా వచ్చింది. "తప్పు దొరికింది. లైను సరిచేసి మాస్టారికి ఇస్తాను, సోమవారం విడుదలవుతుంది. ఈ ఉత్తరం సంగతి మనిద్దరికే తెలుసు. ఎవరికి చేరాలో వాళ్లు అసలు ఉన్నారో లేదో. పోయిన మనిషిని వేలెత్తి చూపించుకోవడం ఎందుకు?"

"ఎన్నిసార్లు లేచింది ఇది?"

"రెండు వందల నలభై."

"రోజూ నా ఎదురుగానే," అంది వదిన. "నేనేమో ఆయన నా కోసం వస్తున్నారనుకున్నాను. కబుర్లు చెప్పాను. పక్కింటి వాళ్ల గొడవ చెప్పాను. నాకు జ్వరమొచ్చిందని చెప్పాను. ఈ నాలుగు నిమిషాలూ అది ఈ ఒక్క మాట బయటికి పంపలేక కొట్టుకుంటోంది. నాకు వినబడలేదు."

"వదినా, ఆయన ధైర్యం పోతే ఆపేద్దామనుకున్నాడు. అదీ రాశాడు కదా."

"ఆపలేదు కదా."

"ఆపడానికి ఇంటికి రానేలేదు వదినా!"

"అది నీకూ తెలీదు, నాకూ తెలీదు. బస్సు ఎక్కితే మారేవారో లేదో. నాకు తెలిసింది పొద్దున తొమ్మిది పదికి ఆయన ఏం చేశారో. నిజం రాసి మూత వేశారు. ఆ మనిషినే నేను పెళ్లి చేసుకున్నాను. దొంగిలించిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. ఇద్దరిలో ఒకర్ని ఉంచుకోమంటే నేను ఎవర్ని ఉంచుకోవాలి? నువ్వే చెప్పు."

భూతద్దం తల వంచుకుంది. కన్నీళ్లు కీబోర్డు మీద పడకుండా మోచేత్తో తుడుచుకుంది.

వదిన లేచి వెళ్లి, గోడ మూల నుంచి నీలం రంగు కేబుల్ ఒకటి లాగింది. వైఫై లేవకపోయినా వైరుతో పని జరుగుతుందని ఆ ఇంట్లో అన్నేళ్లున్న మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. కొనను మిషన్ పక్కన చిన్న చదరపు రంధ్రంలోకి తోసింది. టక్కుమంది. పక్కన పసుపు దీపం మిణుకు మిణుకుమంది.

"ఇప్పుడు ఏం నొక్కాలి?"

భూతద్దం కమాండ్ కొట్టింది. చివరి మీట మాత్రం నొక్కలేదు. కుర్చీ పక్కకు జరుపుకుంది. వదిన నొక్కింది.

వరసలో ఒకటి అని ఉన్నచోట సున్నా వచ్చింది. అంతే. ఇంకే చప్పుడూ లేదు, వెలుగూ లేదు. ఎనిమిది నెలల బరువు అంత తేలిగ్గా పోయిందంటే నమ్మబుద్ధి కాలేదు.

భూతద్దం నిద్ర కోడ్ తెరిచింది. ఆపేసిన లైను ముందు ఉన్న రెండు గీతలు తీసేసింది. పక్కనున్న ముక్కను చెరపబోయి ఆగింది. చాలాసేపు ఆలోచించి, చెరిపేసింది. మిషన్‌ను పడుకోబెట్టి, రెండు నిమిషాల తర్వాత లేచేలా పెట్టి చూసింది. లేచింది. గడియారం చెరిగింది. ఇక రేపు రెండు నలభైకి అది లేవదు. ఆ సంగతి వదినకు చెప్పనక్కర్లేకపోయింది. ఆమె రెండో కుర్చీ తీసి గోడ పక్కన పెట్టేస్తోంది.

అన్నయ్య ఆ లైను ఎందుకు ఆపాడో కూడా తెలిసింది. గడియారాన్ని చెరపగానే ఈ మోడల్‌లో టచ్‌ప్యాడ్ పలక చచ్చిపోతోంది. సగం సెకను ఆగి చెరిపితే బాగానే ఉంది. మిషన్‌కు ఊపిరి తీసుకోనివ్వండి అని ఆ కోడ్ అసలు రాసిన మనిషి పై లైన్లోనే చెప్పి ఉంచారు. ఆయన తొందరపడ్డాడు. భూతద్దం ఆ సగం సెకను చేర్చి, మాస్టారికి ఫోన్ చేసింది.

"దొరికింది మాస్టారూ."

"దొరికిందా! బతికించావమ్మా. మీ అన్నయ్య పేరు నిలబెట్టావు."

"దాని గురించి రేపు మాట్లాడాలండీ," అంది. "ఫోన్‌లో కాదు."

ఫోన్ పెట్టేసి చూస్తే నాలుగు దాటింది. వదిన మళ్లీ టీ పెట్టింది. రెండు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెడుతుండగా, ఇంటర్నెట్‌తో పాటు వచ్చిన ఇంటి ఫోన్, ఎవరూ చేయని ఫోన్, గోడ దగ్గర మోగింది.

ఇద్దరూ కదల్లేదు. నాలుగోసారి మోగినప్పుడు వదిన వెళ్లి ఎత్తింది.

"హలో... అవునండీ, ఈ ఇల్లే. నేను ఆయన భార్యని."

అవతల ఎవరో ఆడమనిషి, పెద్దావిడ గొంతు. మాటలు భూతద్దానికి తెలియడం లేదు. ప్రశ్న అడిగినట్టు మాత్రం తెలిసింది. వదిన కళ్లు ఒకసారి మూసి తెరిచింది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె ఎవరి దగ్గరా అనని మాటను, ఊళ్లో లేరనీ పనిలో ఉన్నారనీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్న మాటను, ఇప్పుడు నిలబడి, సాఫీగా అంది.

"ఆయన చనిపోయారండీ. ఎనిమిది నెలలైంది. మీకు వచ్చింది ఆ రోజు పొద్దున రాసిన ఉత్తరం. పంపింది మేము."

ఆవిడ పెట్టేసిందనుకుంది భూతద్దం. తర్వాత ఆ గొంతు మళ్లీ వినిపించింది, మెల్లగా, ఒకే వాక్యం. వదిన రిసీవరు చెవి నుంచి తీసి, గుండెకు అదిమిపెట్టుకుంది.

"ఏమంటోంది వదినా?"

"చనిపోయారని ఎందుకు అబద్ధం చెప్తున్నారు అంటోంది. పోయిన ఆదివారం కూడా ఆయన తనకు ఉత్తరం రాశారట."